పోపులపెట్టెలోని నోటు

జీతము చేతికందిన నాఁటి సాయంకాలమున, పాలవానికిని కిరాణా కొట్టువానికిని ఇయ్యవలసినది లెక్కించుటకు ముందే, మా అమ్మ ఒక నోటును నాలుగు మడతలు పెట్టి పోపులపెట్టెలో మెంతుల గిన్నె అడుగున దాఁచెడిది. ఆ నోటుకంటిన ఇంగువ వాసన నేఁటికిని నా స్మృతిపథమున నిలిచియున్నది. ఖర్చుపోఁగా మిగిలినది దాఁచుకొందమనువానికి ఎన్నఁడును మిగులదనియు, దాఁచుకొనఁగా మిగిలినదే ఖర్చునకు యోగ్యమనియు ఆమె ఆచరణమే నాకు బోధించినది.

1882లో మన దేశమున తపాలా కార్యాలయపు పొదుపు బ్యాంకు వెలసినది మొదలు, సామాన్యుని చిల్లరకు అది ఆశ్రయమైయున్నది. నేఁడు అచ్చటి రికరింగు డిపాజిట్టును నెలకు 100 రూపాయలతోనే ఆరంభింపవచ్చును. ఐదేండ్లలో 60 వాయిదాలు, మూడు నెలలకొకమాఱు అసలుతో చేరు వడ్డీ. నెలకు వేయి కట్టినవానికి అసలే 60,000 రూపాయలగును. అయినను వడ్డీకంటెను విలువైనది, ఒక నెల తప్పినచో మనసున కలుగు వెలితి. అలవాటు వేరూనినదనుటకు అదియే గుర్తు.

ధనసంచయము లోభము కాదు. ఆపత్కాలమున పరుల వాకిట చేయి చాఁపనీయక మనిషిని నిలుపు ఆత్మగౌరవము. చదువరులారా, వచ్చు నెల జీతము నాఁడు మొదటి నోటును మీ రేపటికై తీసియుంచుఁడు.