విప్పడానికి వచ్చే ముడి

"ఎవరు చేశారు?"

మా హాల్లో అద్దాల బీరువా ముందు నిలబడ్డ వాళ్ళంతా అడిగే మొదటి ప్రశ్న ఇది. నేనే అంటే రెండో ప్రశ్న, "మీవారు నేర్పారా?" ఒకసారి ఒక ప్రదర్శనలో నా జలాంతర్గామి నమూనా పక్కన నేను నిలబడి ఉండగానే, ఒకాయన మావారి చెయ్యి పట్టుకుని ఊపి అభినందించి వెళ్ళిపోయాడు. మావారు ఆ రోజు నా అట్టపెట్టె మోసిపెట్టడానికి వచ్చారంతే. ఇంటికొచ్చి ఇద్దరం నవ్వుకున్నాం. తను మర్చిపోయారు. నేను మర్చిపోలేదు.

అసలు వస్తువుని కొలత ప్రకారం తగ్గించి చేసే ఈ స్కేల్ మోడలింగ్ పిచ్చి నాకు నలభై ఏడో ఏట పట్టుకుంది. కాలేజీలో పాఠాలు, ఇంట్లో వంట, పిల్లల చదువు అన్నీ అయ్యాక రాత్రి మిగిలే ఒక్క గంట అది. మొదటి కిట్ మన బీచి రోడ్డు మీదున్న ఐఎన్ఎస్ కురుసుర తరగతి జలాంతర్గామి. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధం చూసి, 2001లో విరమించి, 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉన్న కురుసుర పొడవు 91 మీటర్లు. 1:350 కొలతలో నా బల్ల మీద అది 26 సెంటీమీటర్లు.

ఊళ్ళో ఈ పిచ్చి ఉన్నవాళ్ళం ఏడెనిమిది మందిమి నెలకో ఆదివారం ఎవరో ఒకరింట్లో కలుస్తాం. ఓడల డ్రాయింగులు గీసి రిటైరైన పెద్దాయన, ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు, ఒక ఇంజనీరింగ్ కుర్రాడు... ఆడదాన్ని నేనొక్కదాన్నే. మొదటి ఏడాదంతా నాకు దొరికింది మెచ్చుకోలే. "చాలా బావుంది మేడమ్, మీ ఓపికకి దణ్ణం" అనేవారు. పక్కనే కుర్రాడి విమానాన్ని పట్టుకుని మాత్రం అరగంట చర్చ. "అతుకు కనిపిస్తోంది, పుట్టీ పెట్టి ఉప్పుకాగితంతో రుద్దు." "రంగు ఒక్కసారే దట్టంగా వెయ్యకు, పల్చగా మూడు పూతలు వెయ్యి." "ముక్కల్ని ముందు సబ్బునీళ్ళతో కడిగావా?"

నాకు ఆలస్యంగా అర్థమైంది. అతనికి సలహా ఇస్తున్నారు, నాకు మర్యాద ఇస్తున్నారు. సలహా చెప్పాలంటే ఎదుటి మనిషి ఇంకా బాగా చెయ్యగలదన్న నమ్మకం ఉండాలి. మర్యాదకి ఆ నమ్మకం అక్కర్లేదు. మన రాతల విషయంలో మాత్రం? "బాగా రాశారమ్మా" అన్న ఒక్క మాటతో మనల్ని ఎన్నిసార్లు గుమ్మంలోనే కూర్చోబెట్టలేదు?

ఒక ఆదివారం నేనే అడిగేశాను, "నా దాన్లో తప్పులు చెప్పండి" అని. పెద్దాయన కాస్త ఇబ్బందిపడి, కళ్ళజోడు సర్దుకుని, పదకొండు తప్పులు చెప్పారు. ఆ రాత్రి నాకు పండగ.

ఈ లోకంలో బాగా వాడుకలో ఉన్న కొలత 1:72. అంటే ఆరడుగులకి ఒక అంగుళం. ఆరడుగుల మనిషి సరిగ్గా అంగుళం ఎత్తుంటాడన్నమాట. కిట్లతో వచ్చే బుల్లి మనుషులు పైలట్లు, సైనికులు, నావికులు. దాదాపు అందరూ మగవాళ్ళే. సంక్రాంతి బొమ్మల కొలువులో మా అమ్మ ఇసకతో ఊరు, అద్దంముక్కతో చెరువు, ఆవాల మొలకలతో పొలం పెట్టేది. దాన్నెవరూ మోడలింగ్ అనలేదు. ఆడవాళ్ళ సరదా అన్నారు.

మూడేళ్ళ కిందట తెప్పని చెయ్యాలనిపించింది. ఫైబరు పడవలు, మోటార్లు వచ్చాక మా దగ్గరి పెదజాలరిపేట ఒడ్డున తెప్పలు బాగా తగ్గిపోయాయి. కట్టుమరం అనే తమిళ మాట ఇంగ్లీషులోకి వెళ్ళి కాటమరాన్ అయి ప్రపంచమంతా తిరుగుతోంది. నాకు మాత్రం తెప్ప కిట్ ఎక్కడా దొరకలేదు. పేటలో ఇద్దరు ముసలి జాలర్లని అడిగి కొలతలు రాసుకున్నాను. ఇరవై అడుగుల తెప్ప 1:24లో పది అంగుళాలు. బాల్సా చెక్కని దుంగలుగా చెక్కి, ముందు కొసలు పైకి లేపి, జిగురుతో అతికించి, అందానికి పైన దారం చుట్టాను.

మా ఇంటికి పదిహేనేళ్ళుగా చేపలు తెచ్చే అప్ప ఆ పొద్దున గంప దించి, కిటికీలో ఆరుతున్న తెప్పని చూసింది. చేతులు కొంగుకి తుడుచుకుని తీసుకుంది.

"ఏటమ్మా, అతికించీసేవా?"

"గట్టిగా ఉండాలని, అప్పా."

"తెప్పని అతికిస్తారేటి తల్లీ! కట్టాల. ఏట నించొచ్చేక ఇప్పీసి దుంగలు ఆరబెట్టాల. నీల్లు తాగిన దుంగ బరువెక్కిపోద్ది. ఇప్పడానికి రాని ముడి ముడేటి?"

అతికించిందంతా ఊడదీశాను. మైనం పూసిన నూలుదారం ఇస్తే తను కట్టలేదు. "నువ్వు కట్టు, నాను సూత్తాను" అంది. మూడుసార్లు విప్పించింది. నాలుగోసారి లాగి చూసి, "ఊఁ, ఇది నిలబడద్ది" అంది.

"మీరు తెప్ప ఎక్కరు కదా, ఎలా తెలుసు?"

"ఒడ్డున నిలబడి సూసేది మావే కదమ్మా. తాడు తెగితే మునిగేది ఎవుడింటోడు?"

నేను పేటకి వెళ్ళి ఇద్దరు మగవాళ్ళని అడిగాను. కొలతలే అడిగాను, వాళ్ళు కొలతలే చెప్పారు. వారానికి మూడు రోజులు నా గుమ్మంలో కూర్చునే మనిషిని అడగాలని నాకు తోచనే లేదు. పదిహేనేళ్ళలో చేపల ధర తప్ప ఆమెని నేనేం అడిగాను? మా మధ్య ఉన్న గుమ్మం కులానిదో, వర్గానిదో, రెండింటిదో. ప్రదర్శనలో నన్ను దాటి మావారి చెయ్యి పట్టుకున్న ఆయనకీ నాకూ తేడా ఎంత?

గంప ఎత్తుకుంటూ అప్ప ఇంకో మాట అంది. "తెప్పొచ్చింది సరే, ఒడ్డున ఆడోల్లేరి?"

1:24లో అయిదడుగుల ఆడమనిషి రెండున్నర అంగుళాలు. అలాంటి బొమ్మ కొనడానికి దొరకదు. తీగె వంచి, పుట్టీ అద్ది, చీర గోచీ కట్టి, నెత్తిన గంప పెట్టి నేనే చేశాను. తెప్ప ముందు ఇసకలో నిలబెట్టి ఆదివారం పట్టుకెళ్ళాను.

పెద్దాయన ముళ్ళన్నీ పరీక్షగా చూశారు. దణ్ణాలూ దస్కాలూ ఏం పెట్టలేదు.

"గంప చిన్నదైనట్టుంది. మీ అప్పని అడిగారా?"

మర్నాడే అడిగాను. చిన్నదేనంది. మళ్ళీ చేస్తున్నాను.