జ్వరానికో లెక్క, ఎండకో లెక్క

మన ఇళ్లలో జ్వరం ఫారెన్‌హీట్‌లో ఉంటుంది, ఎండ సెల్సియస్‌లో ఉంటుంది. "పిల్లాడికి నూటరెండు ఉంది" అంటాం, "రెంటచింతలలో నలభై ఐదు దాటిందట" అనీ అంటాం. ఎవరికీ తికమక లేదు. అమెరికా వెళ్లినవాళ్లకే చిక్కు, అక్కడ ఎండ కూడా ఫారెన్‌హీటే. అందుకని చాలామంది ముప్పై తీసేసి సగం చేస్తారు. 80కి 25 వస్తుంది, అసలు 26.7. స్వెట్టర్ వేసుకోవాలా వద్దా అన్నదానికి ఆ మాత్రం చాలు.

కానీ దయచేసి ఆ చిట్కాను జ్వరానికి వాడకండి. 104లోంచి 30 తీసి సగం చేస్తే 37 వస్తుంది. అంటే మామూలు ఒంటి వేడి! నిజానికి అది 40, చాలా ఎక్కువ జ్వరం. సరైన లెక్క: 32 తీసేసి, 5తో హెచ్చించి, 9తో భాగించాలి. అర్ధరాత్రి పిల్లాడి నుదురు కాలిపోతుంటే ఆ లెక్క ఎవరికి తోస్తుంది? అందుకే నాలుగు జతలు థర్మామీటర్ డబ్బా మీదే రాసిపెట్టుకోండి: 37 అంటే 98.6, 38 అంటే 100.4, 39 అంటే 102.2, 40 అంటే 104.

మూడు నెలలు నిండని పసిబిడ్డకు 100.4 చూపిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.