ఇల్లు కదిలే ముందు... ఒక్క చుట్టు!

'గ్యాసు కట్టేశావా? కిటికీలు వేశావా?'... ఊరెళ్లే ముందు ప్రతి ఇంట్లోనూ వినిపించే మాటలే. మరి ఇల్లే ఊరెళితే! అప్పుడు ఈ ప్రశ్నలు రోజూ పొద్దున్నే వేసుకోవాలి. అమెరికాలో మోటార్ హోమ్ అద్దెకు తీసుకున్నవాళ్లు నేర్చుకోవాల్సిన మొదటి పాఠం అదే.

వేసవిలో వచ్చిన అమ్మానాన్నలకు ఎల్లోస్టోన్ చూపించాలనుకునే తెలుగు కుటుంబాలకు ఈ చక్రాల ఇల్లు భలే అనుకూలం. పప్పూ అన్నం వండుకోవచ్చు. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మకు బాత్రూము కోసం వెతుక్కునే పని ఉండదు. సాల్ట్ లేక్ సిటీలో బండి తీసుకుంటే పార్కు పశ్చిమ ద్వారానికి సుమారు 500 కిలోమీటర్లు. అంతా బాగానే ఉంటుంది... అది ఇల్లే కాదు, ఐదారు టన్నుల బండి కూడా అన్న సంగతి మరచిపోనంతవరకు!

ఎత్తు ఎంత?

కారు నడిపే అలవాటున్నవాళ్లు నెత్తి మీద ఏముందో చూడరు. మోటార్ హోమ్ ఎత్తు పదకొండు, పన్నెండు అడుగులు. పైన ఏసీ పెట్టె అదనం. నార్త్ కరొలైనాలోని డర్హమ్‌లో 11 అడుగుల 8 అంగుళాల ఎత్తున్న రైలు వంతెన ఒకటుంది. దాని కింద దూరబోయి పైకప్పులు ఊడగొట్టుకున్న బండ్లు ఎన్నో. 2019లో దాన్ని 8 అంగుళాలు పైకెత్తినా ఢీకొట్టేవాళ్లు పూర్తిగా ఆగలేదు. అందుకే బండి ఎత్తు, పొడవు చీటీ మీద రాసి డ్రైవరు ఎదుట అంటించుకోవడం మంచిది. ఫోన్‌లో దారి చూపే మామూలు మ్యాపుకి మీరు నడిపేది కారో, ఇల్లో తెలియదు కదా!

పొడవుతోనూ పేచీనే. మోంటానాలోని గ్లేషియర్ పార్కులో కొండెక్కే ప్రసిద్ధమైన దారిలో 21 అడుగులు దాటిన బండ్లను పైకి రానివ్వరు. మలుపు తిప్పితే ముందు భాగం ఒకవైపు వెళుతుంటే వెనక తోక రెండోవైపు ఊగుతుంది. పెట్రోలు బంకులో స్తంభాలకు తగిలేది అలాగే.

టైరుకీ వయసుంది

ఈ బండ్లు తిరిగే రోజులకన్నా ఎండలో నిలబడే రోజులే ఎక్కువ. గాళ్లు కొత్తవాటిలా కనిపిస్తాయి కానీ రబ్బరు లోపల ముసలిదైపోతుంది. టైరు పక్కన చివరి నాలుగంకెలు చూస్తే వయసు తెలిసిపోతుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఐదారేళ్లు దాటితే అనుమానించాల్సిందే. గాలి చూసుకోవాల్సింది బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే.

ఇక కొండ దిగడం. జాక్సన్ నుంచి ఐడహో వైపు వెళ్లే టీటన్ కనుమ దారిలో వాలు పది శాతం. అంటే వంద అడుగులు ముందుకెళితే పది అడుగులు కిందికి! అలాంటిచోట బ్రేకు అదేపనిగా తొక్కితే వేడెక్కి పట్టు వదిలేస్తుంది. దిగకముందే తక్కువ గేరులో వేసుకుని నెమ్మదిగా రావాలి. కొత్తవాళ్లయితే స్నేక్ నది వెంట ఆల్పైన్ మీదుగా వెళ్లడం నయం.

కనిపించని శత్రువు

ఎల్లోస్టోన్‌లో నడివేసవిలోనూ ఒక్కోరాత్రి నీళ్లు గడ్డకట్టేంత చలి వేస్తుంది. 'పెద్దవాళ్లు వణుకుతున్నారు, కాసేపు పొయ్యి వెలిగిద్దాం' అనిపిస్తుంది. ఆ పని మాత్రం చేయకూడదు. మూసేసిన బండిలో పొయ్యి మండినా, జనరేటరు పొగ లోపలికి వచ్చినా కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలో ఉన్నవాళ్లు ఇక లేవరు. చలికి వాడాల్సింది బండికి అమర్చిన హీటరునే. హెచ్చరిక గంట పనిచేస్తోందో లేదో రోజూ పడుకునే ముందు మీట నొక్కి చూసుకోవాలి. వంటగ్యాసుకైతే వాసన కలుపుతారు. అది గాలికన్నా బరువు కాబట్టి కిందకి చేరుతుంది. దాన్ని పసిగట్టే పరికరం నేలకు దగ్గరగా ఉండేది అందుకే. పెట్రోలు పోయించుకునేటప్పుడు పొయ్యీ, గ్యాసుతో నడిచే ఫ్రిజ్జూ ఆపి ఉండాలి.

మంట పుడితే బయటపడే కిటికీ ఏదో, దాన్ని ఎలా తెరవాలో మొదటిరోజే ఇంటిల్లిపాదీ తెలుసుకోవాలి. బండి కదిలాక టీ పెట్టడాలు, పై మంచమెక్కి పిల్లలు పడుకోవడాలు ఉండకూడదు. బెల్టున్న సీటే అందరి చోటు.

ముందు నలుపు... తర్వాతే బూడిద

వాడిన నీళ్లకు రెండు ట్యాంకులుంటాయి. మరుగుదొడ్డిది నల్ల ట్యాంకు, గిన్నెలూ స్నానాలది బూడిదరంగు ట్యాంకు. కేటాయించిన చోట ముందు నల్లది ఖాళీ చేసి, తర్వాత రెండోది వదిలితే ఆ నీళ్లే గొట్టాన్ని కడిగేస్తాయి. చేతులకు గ్లవుజులు తప్పనిసరి. తాగే నీళ్ల గొట్టం దీని దరిదాపుల్లోకి రాకూడదు.

ఎల్లోస్టోన్ సరస్సు దగ్గరి ఫిషింగ్ బ్రిడ్జి విడిదిలో గుడారాలకు చోటు లేదు. ఎలుగుబంట్ల భయంతో గట్టి గోడల బండ్లనే ఉండనిస్తారు. అక్కడ పొద్దున బయల్దేరే ముందు ఒకరు బండి చుట్టూ తిరగాలి. కరెంటు తీగ పీకారా, గొట్టాలు విప్పారా, మెట్టు లోపలికి మడిచారా, పందిరి చుట్టారా? చీటీ చదివే పని పిల్లలకిస్తే ఒక్కటీ వదలరు. లోపల అలమారాలు చూసే పని నాయనమ్మది. మొత్తం పది నిమిషాలు.

ఆ పది నిమిషాలకే తొందరపడేవాళ్లను పార్కులోని అడవిదున్నలు ఎలాగూ ఆపేస్తాయి. అవి రోడ్డు దాటేదాకా, ఎంతసేపైనా, బండి దిగకుండా ఆగాల్సిందే. అప్పుడు కిటికీలోంచి హాయిగా చూస్తూ కూర్చున్న నాయనమ్మ మళ్లీ అడుగుతుంది. ''నాన్నా, గ్యాసు కట్టేశావా?''

విసుక్కోకండి. ఆ బండిలో అందరికన్నా మంచి ప్రయాణికురాలు ఆవిడే!