మొజావీ యెడారిలో రాకెట్ల పరీక్షాస్థలము

అమెరికా సంయుక్తరాష్ట్రములలో, కాలిఫోర్నియా రాష్ట్రమున, మొజావీ యను నెడారి కలదు. లాస్ ఏంజిలిస్ నగరమునుండి ఉత్తరముగా మోటారుబండిలో రెండుమూడు గంటలు పయనించినచో అచ్చటికి చేరవచ్చును. కనుచూపుమేర ఎండిన నేల, పొట్టి తుప్పలు, అక్కడక్కడ ముండ్లచేతులు చాచిన జాషువా చెట్లు. పంటకు పనికిరాని యీ నేల విద్యకు పనికివచ్చినది.

ఇచ్చట "ఫ్రెండ్స్ ఆఫ్ అమెచ్యూర్ రాకెట్రీ" యను సంఘమువారు లాభాపేక్ష లేక యొక స్థలమును నడపుచున్నారు. రాకెట్లను స్వయముగా నిర్మించు ఔత్సాహికులును, కళాశాల విద్యార్థినీ విద్యార్థులును తమ యంత్రములను తెచ్చి యిచ్చట పరీక్షింతురు. ఇంజనును కదలకుండ ఇనుపచట్రమునకు బిగించి మండించి, అది యెంత బలముతో త్రోయునో కొలుచుట మొదటి పరీక్ష. అందు గెలిచినదే ఆకాశమున కెగురుటకు తగినది. మండించునప్పుడు జనులందరును రక్షణగృహములలో నుందురు. ప్రభుత్వపు అనుమతిపత్రము గల అనుభవజ్ఞుని యాజ్ఞ లేనిదే నిప్పు పెట్టరాదు.

ఇంత కట్టుదిట్టమేల యని సోదరీమణు లడుగవచ్చును. 1936 అక్టోబరు 31వ తేదీన, పాసడీనా నగరమువద్ద అర్రోయో సెకో యను వాగులో, కాల్‌టెక్ విద్యాలయమునకు చెందిన కొందరు యువకులును వారి మిత్రులును రాకెట్ ఇంజనును పరీక్షించుచుండగా ఆక్సిజను గొట్టమునకు నిప్పంటుకొని, అది పామువలె కొట్టుకొన్నది. పిమ్మట విద్యాలయమునందే యొక ప్రయోగము వికటింపగా, వారిని ఆవరణము వెలుపలికి పంపివేసిరి. తోడివారు వారికి "ఆత్మహత్యాదళ" మని పేరిడిరి. ఆ దళపు కృషియే పెరిగి పెద్దదై, నేడు గ్రహములకు నౌకలను పంపుచున్న జెట్ ప్రొపల్షన్ లేబరేటరీ యైనది.

యువజనుల కుతూహలమును నిషేధముతో నణచజాలము. దానికి తగిన చోటు చూపవలెను. 1943లో స్థాపితమైన "రియాక్షన్ రిసర్చ్ సొసైటీ" వారును ఈ మొజావీలోనే, చేరువనే, తమ పరీక్షాభూమిని నెలకొల్పుకొనిరి. ఇచ్చట యంత్రము పగిలినను మనుష్యులకు హాని లేకుండుటకే ఆ దూరము, ఆ గోడలు. పగిలిన ముక్కల నేరి, లోపమెచ్చటనో తెలిసికొని, బాలికలును బాలురును మరల నిర్మింతురు.

నిప్పు పెట్టినను ఇంజను మండకున్నచో వెంటనే దానిని సమీపింపరు; నియమితకాలము వేచియుందురు. దీపావళినాడు పేలని టపాకాయపై వంగబోవు బిడ్డను వెనుకకు లాగిన తల్లికి ఈ నియమమును వేరుగ బోధింపనక్కరలేదు.