కృష్ణయొడ్డున కొన్ననీరు

బెజవాడ బస్సునిలయమునకును కృష్ణకును నడుమ దూరము స్వల్పము. అయినను అచ్చట దిగిన ప్రయాణికుడు దాహమైనచో సీసానీటినే వెదకును. 1855లో ఆనకట్ట పూర్తియైనది మొదలు, 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చిన పిదపను, ఈ నది లక్షల యెకరములను తడుపుచున్నది. పైరునకింత నీరుగల సీమలో మనుష్యుడు గ్రుక్కెడు నీటికి వెల యిచ్చుట యేల? విలాసమని కొందఱు, సోమరితనమని కొందఱు నిందింతురు. ఈ నింద సగమే న్యాయమని మా యభిప్రాయము.

గోలీసోడా త్రాగువాడు రుచికి వెల యిచ్చును. నీటిసీసా కొనువాడు కొనునది రుచి గాదు, నమ్మకము. ఆ నమ్మకము కుళాయియందు సన్నగిల్లుటకు కారణము లేకపోలేదు. కుళాయినీరు దినమునకు కొన్నిగంటలు మాత్రమే వచ్చుచోట తక్కిన వేళ గొట్టములో ఒత్తిడి యుండదు. అప్పుడు పగుళ్ళగుండ ప్రక్కనున్న మురుగు లోనికి దిగును. శుద్ధిచేసి విడిచిన నీరే వీథికొసకు చెడి చేరవచ్చును. 2018లో గుంటూరున అతిసారము ప్రబలి పలువురు మరణించిరి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగునగరము మునిగినప్పుడు, చుట్టును నీరే యుండగా, త్రాగునీరు సీసాలలో పడవలమీద రావలసివచ్చెను. సముద్రతీరమున దివిసీమవంటి చోట్ల భూగర్భజలము ఉప్పన. అక్కడ 20 లీటర్ల డబ్బాను విలాసమనువాడు ఆ నూతినీటిని నోట పోసికొని చూడవలెను.

పూర్వము నీరు అందఱిదిగా నుండెడిదని వగచువారు కలరు. వారికొకటి జ్ఞాపకము చేయుదుము. చలివేంద్రము పెట్టి పుణ్యము గడించిన మన పెద్దలే కొందఱి దోసిళ్ళలో ఎత్తునుండి నీరు పోసిరి. 1985 జూలై 17న కారంచేడులో ఆర్గురు దళితులు హతులైరి. వారి మంచినీటి చెఱువును మలినపఱచుటపై పుట్టిన తగవే ఆ ఘోరమునకు నాంది. సీసా కొనువాని కులమడుగదు. ఈ గుణమును మేము చిన్నదిగా నెంచము. కాని యది కాసు నడుగును. నూతిగట్టున కులము దిగి కాసు కావలి యెక్కినంతమాత్రమున దాహము తీఱినట్లు కాదు.

అసలు కీడు వేఱొకటి కలదు. చదువును, ధనమును, అర్జీ వ్రాయు నేర్పునుగల కుటుంబము డబ్బానీటికి మఱలిన దినముననే ఊరి కుళాయి తన న్యాయవాదిని కోల్పోవుచున్నది. మన యింట నీరు చల్లగా నుండును. పనిమనిషి యింట బిడ్డ జ్వరపడును. పురపాలక సంఘమునకు ఫిర్యాదు మాత్రము చేరదు. మనము కొన్న నమ్మకము మన గుమ్మము దాటి పోదు.

డబ్బా మానుడని మేము చెప్పము; బిడ్డల ప్రాణముతో వ్రతములు పట్టరాదు. అయితే కొనుటతో మన బాధ్యత తీఱలేదని మాత్రము తెలియవలెను. కుళాయినీట లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియుండవలెనని భారతీయ ప్రమాణము విధించుచున్నది. పరీక్షయు కష్టమైనది కాదు; మందుచుక్కలు వేసి రంగు చూచిన చాలును. ఆ పరీక్ష మన వీథిలో గాక ఊరిచివరి పేటలో జరుగవలెననియు, ఫలితమును అక్కడనే గోడపై వ్రాయవలెననియు అడుగుదము. డబ్బాకు నెలనెల వెల యిచ్చువారము, నెలకొక యర్జీ వ్రాయలేమా?