చెయ్యి దూరని చోట ఫిల్టరు

హాస్టల్ నుంచి రాస్తున్నాం. సెలవులొస్తే మన తమ్ముళ్లు చాలామంది పొక్లెయిన్ల మీద హెల్పర్లుగా పోతున్నారు. వాళ్ల కోసమే ఈ పోస్టు. పొడవైనా పూర్తిగా చదవండి.

మొన్న ఎండాకాలం మా గూడేనికి రోడ్డు పని నడిచింది. కొండరాయిని బ్రేకర్‌తో కొట్టాలి. వానల్లోపు గెడ్డ దాకా రోడ్డు తేలకపోతే ఇంకో ఏడాది కూడా గర్భిణులకి డోలీయే గతి. ఆపరేటర్ బాబాయి ఒకరోజు మమ్మల్ని పిలిచి, సీటు వెనక కవర్లో ఉన్న ఇంగ్లీషు పుస్తకం చేతిలో పెట్టాడు. "కాలేజీకి పోతున్నోళ్లు కదరా, ఫిల్టర్ల గురించి ఏం రాశాడో చెప్పండి" అన్నాడు. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఆ చదువు ఊళ్లో ఒకరికి పనికి రావడం మాకూ అదే మొదలు.

పుస్తకంలో రెండు హైడ్రాలిక్ ఫిల్టర్లున్నాయి. రెండూ 1000 గంటలకి మార్చాలి, బ్రేకర్ వాడితే ఇంకా ముందే. పెద్దది ట్యాంకు మూత కిందే ఉంటుంది, అందరూ మారుస్తారు. చిన్నది పైలట్ ఫిల్టరు. పంపు గదిలో, హోస్ పైపుల వెనకాల ఉంటుంది. మేం చూసేసరికి దాని మీద మట్టి గడ్డకట్టి ఉంది. చెయ్యి దూరదని ఎవరూ ముట్టుకోలేదు. లీవరు కదిపితే ఆ ఆజ్ఞ పెద్ద వాల్వుకి చేరేది పైలట్ నూనెతోనే. దాన్లో మురికి చేరితే వాల్వు అంటుకుపోవచ్చు, బూమ్ మాట వినదు. ఆ బూమ్ దగ్గర నిలబడేది హెల్పరే.

"పది నిమిషాల్లో కానిచ్చేయండి" అని పైనుంచి ఫోనొచ్చింది. బాబాయి వినలేదు. బకెట్ నేలకి ఆనించి, ఇంజను ఆపి, ఆగిన ఇంజను మీదే తాళం తిప్పి పెట్టి లీవర్లన్నీ అటూ ఇటూ కదిపాడు, లోపలి ప్రెషర్ దిగడానికి. నూనె చల్లారాక ట్యాంకు గాలి మెల్లగా వదిలాడు. మేం చుట్టూ మట్టి గీకి, గుడ్డతో శుభ్రంగా తుడిచాం. ఫిల్టరు విప్పాక ఒక్క ఇసుక రేణువు పడినా కష్టమే.

మాలో సన్న చెయ్యి ఉన్నవాడు దూరాడు. అడ్డున్న బ్రాకెట్ ఒకటి విప్పాక పానా తిరిగింది. కింద డబ్బా పెట్టి నూనె పట్టాం. పాత రబ్బరు రింగు అక్కడే అంటుకుందేమో వేలితో తడిమి చూశాం. కొత్త రింగుకి నూనె రాసి, ముందు చేత్తో బిగించి, తర్వాత ఫిల్టరు మీద రాసినంతే తిప్పాం. పాతదాన్ని కోసి చూస్తే మురికే గానీ లోహపు పొడి లేదు. ఇత్తడి రంగు తునకలు కనిపిస్తే పంపు అరుగుతోందనుకోవాలి. తర్వాత ఇంజను నెమ్మదిగా తిప్పి, లీకు చూసి, నూనె మట్టం సరిచేశాం. పాత నూనె గెడ్డలో పోయనివ్వలేదు, డబ్బాలోనే ఉంచాం.

తమ్ముళ్లూ, ఒక్క మాట మరవొద్దు. లీకు ఎక్కడుందో చేత్తో తడమకండి, అట్టముక్క పెట్టి చూడండి. పెద్ద పైపుల్లో చదరపు సెంటీమీటరుకి 300 కేజీల పైమాటే ప్రెషర్ ఉంటుంది. సూదిమొనంత రంధ్రం చాలు, నూనె చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న గాటే, నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. పసరు రాసి పడుకుంటే చెయ్యే పోవచ్చు. వెంటనే ఆపరేషన్ చేయగల ఆస్పత్రికి పోయి, "హైడ్రాలిక్ నూనె లోపలికి పోయింది" అని డాక్టరుకి చెప్పండి. మన ఊళ్లకి ఆస్పత్రి దూరం, కాబట్టి రేపు చూద్దాం అనుకోవద్దు.

మీరు పనిచేసే మెషీన్‌లోనూ సీటు వెనక పుస్తకం ఉండే ఉంటుంది. ఫిల్టర్ల పేజీ ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. చదివి తెలుగులో, మన భాషలో రాసి పంపుతాం.