ముసురు పట్టిన రోజుల్లో పరుగు



ఈమధ్యే పరుగు మొదలుపెట్టినవాళ్లను తలచుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. హైదరాబాద్ మారథాన్ ఏటా ఆగస్టులో జరుగుతుంది. అందులో పది కిలోమీటర్లయినా పరుగెత్తాలని కోరికపడ్డవాళ్లు మే ఎండల్లో సాధన మొదలుపెడతారు. కాస్త కాళ్లు కుదురుకునేసరికి నైరుతి రుతుపవనాలు వచ్చేస్తాయి. ఎండ తగ్గితే ఉక్క, ఉక్క తగ్గితే ముసురు. వాతావరణం బాగుపడ్డాక చూద్దాంలే అనుకుంటే సంక్రాంతి చలిదాకా ఆగాల్సిందే. అప్పటికి ఆ ఉత్సాహం ఉండదు.

వానాకాలంలో కొత్తవాళ్ల మనసు విరిగేది వానవల్ల కాదు, ఎక్కువగా ఉక్కవల్ల. మన ఒంటిని చల్లబరిచేది చెమట పట్టడం కాదు, ఆ చెమట ఆరడం. గాలి నిండా తేమ ఉంటే అది ఆరదు. ఒళ్లు వేడెక్కుతుంది, గుండె వేగం పెరుగుతుంది. పోయిన వారం సునాయాసంగా పరుగెత్తిన దూరమే ఈ వారం ఆయాసం తెప్పిస్తుంది. ‘ఇది నావల్ల అయ్యే పని కాదు’ అని చాలామంది ఆగిపోయేది ఇక్కడే. దయచేసి అలా అనుకోకండి. ఉక్కకు ఒళ్లు అలవాటు పడడానికి రెండు వారాలదాకా పడుతుంది. అందాకా వాచీలో వేగం చూడకండి. పక్కవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరుగెత్తండి. మాట తెగిపోతుంటే నడవండి. నడక ఓటమి కాదు, సాధనలో భాగమే. 1996లో అమెరికాలో జోష్ క్లార్క్ కొత్తవాళ్లకోసం తయారుచేసిన ‘కౌచ్ టు 5కె’ పద్ధతి మొదటి వారంలో ఒక నిమిషం పరుగు, ఒకటిన్నర నిమిషం నడక అంటూనే మొదలవుతుంది.

ఆ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఇంకొకటుంది. పరుగు వారానికి మూడు రోజులే. అంటే మంగళవారం కుండపోత కురిస్తే బుధవారం ఉంది. ఏడు రోజుల్లో మూడు మంచి పొద్దులు వెతుక్కోవడం వానాకాలంలోనూ కష్టం కాదు. తప్పిపోయిన రోజు బాకీ తీర్చాలని మర్నాడు రెట్టింపు దూరం మాత్రం పెట్టుకోకండి. మోకాళ్లు, పిక్కలు దానికి సిద్ధంగా ఉండవు.

ముసురు రోజున మనసును నిలబెట్టేదేమిటో చెప్పే కథ ఒకటుంది. 2018 ఏప్రిల్‌లో అమెరికాలో బోస్టన్ మారథాన్ రోజున ఎముకలు కొరికే చలి, ఎదురుగాలి, ఆగని వాన. పేరున్న రన్నర్లు ఎందరో మధ్యలోనే తప్పుకున్నారు. అమెరికన్ రన్నర్ డెస్ లిండెన్ కూడా మొదట్లోనే మానేద్దామనుకుంది. ఎలాగూ ఆగిపోతున్నాను కదా, తోటి రన్నర్ షాలేన్ ఫ్లనగన్‌కి సాయపడదామని ఆమెకోసం వేగం తగ్గించింది. అలా ఆమెతోపాటు సాగి సాగి చివరికి తనే గెలిచింది. 1985 తర్వాత అక్కడ గెలిచిన మొదటి అమెరికన్ మహిళ ఆమె. పురుషుల్లో గెలిచిన జపాన్ రన్నర్ యూకీ కవౌచీ అప్పటికి పూర్తికాలం ప్రభుత్వ ఉద్యోగి. ఉద్యోగం చేసుకుంటూనే సాధన చేసినవాడు. లిండెన్‌ను ఆ వేళ నిలబెట్టింది ఉత్సాహం కాదు, పక్కన ఇంకో మనిషి ఉండడం. మనకూ అదే మందు. ఐదున్నరకు మీకోసం గేటు దగ్గర నిలబడేవాళ్లు ఒక్కరుంటే చాలు, ముసుగు తన్ని పడుకోబుద్ధి కాదు.

చిన్న ఏర్పాట్లు కూడా మనసును నిలబెడతాయి. షూ, బట్టలు రాత్రే తీసి పెట్టుకోండి. కాటన్ టీషర్టు తడిస్తే బరువెక్కి ఒరుసుకుంటుంది, పాలిస్టర్‌ది వేసుకోండి. తొడల మధ్య, చంకల్లో వాజలిన్ రాసుకోండి. తడిసిన షూలో పాత న్యూస్‌పేపర్లు కుక్కితే త్వరగా ఆరతాయి. ‘పది నిమిషాలే’ అనుకుని బయల్దేరండి. అప్పటికీ మనసొప్పకపోతే వెనక్కి వచ్చేయండి. ఆ రోజు కూడా లెక్కలోకే వస్తుంది.

అయితే పట్టుదల వేరు, మొండితనం వేరు. ఉరుము వినబడిందంటే పిడుగు మీదాకా రాగలదని అర్థం. వెంటనే లోపలికి వెళ్లండి, చెట్టు కింద నిలబడకండి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన ‘దామిని’ యాప్ పిడుగుల గురించి ముందే హెచ్చరిస్తుంది, ఫోన్లో పెట్టుకోండి. నీళ్లు నిలిచిన రోడ్డు మీద అసలు పరుగెత్తకండి. ఆ నీళ్ల కింద మూత లేని మ్యాన్‌హోల్ ఉండొచ్చు, తెగిపడ్డ కరెంటు తీగ ఉండొచ్చు. అలాంటి రోజు అపార్ట్‌మెంటు మెట్లెక్కి దిగండి, వరండాలో తాడాట ఆడండి, సూర్య నమస్కారాలు చేయండి.

తుంపరైతే బయల్దేరండి, ఉరుమైతే ఉండిపోండి. వారానికి ఆ మూడు రోజులు మాత్రం వదలకండి. ఈ వానాకాలం గడిచేసరికి మీ పరుగు ఎందాకా వచ్చిందో నాకు తప్పకుండా రాయండి.

మీ క్షేమం కోరుతూ,
మీ మిత్రుడు